కొండ పేరులో లేని ఆడవాళ్ళు

పిల్లల్ని వెంటబెట్టుకుని చారిత్రక స్థలాలకు వెళ్ళే తల్లులకు శాసనాలు తీరిగ్గా చదువుకునే అవకాశం ఉండదు. ఒకరికి దాహం, ఒకరికి బాత్రూము. కొత్తగూడ నుంచి తెల్లవారుజామునే బయల్దేరి, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చేరేసరికి మా చిన్నవాడు సోలిపోయాడు. ఆరో తరగతి చదివే పెద్దమ్మాయి మాత్రం, "అమ్మా, ఇవన్నీ నాగార్జునుడే కట్టించాడా?" అనడిగింది.

కొండకు ఆచార్య నాగార్జునుడి పేరుంది. జపాన్‌లో కూడా ఆయన్ని ఎనిమిది బౌద్ధ శాఖల మూలపురుషుడిగా కొలుస్తారు. కానీ ఈ లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో ఆయన పేరు లేదు. బౌద్ధ దానాల శాసనాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించేవి ఆడవాళ్ళ పేర్లు.

క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, వైదిక మతస్థుడు. అతని సోదరి చాంతిసిరి మహాచైత్యం నిర్మాణానికి పూనుకుంది. ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో అది పూర్తయింది. అంతఃపురంలోని మరికొందరు స్త్రీలూ అక్కడ స్తంభాలు నిలబెట్టారు. ఒకే ఇంట్లో మగవాళ్ళది యజ్ఞం, ఆడవాళ్ళది చైత్యం.

చాంతిసిరిది రాజకుటుంబం. బోధిసిరి మాత్రం ఉపాసిక, ఒక గృహపతి కూతురు. అదే రాజు 14వ ఏట చుళధమ్మగిరి మీద సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీర, గాంధార, చీనా దేశాల్లో ధర్మం వ్యాపింపజేసిన ఆచార్యుల ప్రస్తావన ఆ శాసనంలో ఉంది. ఆమె మిగతా దానాల పట్టిక చూడండి: భిక్షువుల గదులు, వసారా, చెరువు, మండపాలు. మనుషులు ఉండడానికీ, నీళ్ళు తాగడానికీ, నీడన కూర్చోడానికీ కావలసినవి. పుణ్యంలో భర్తకూ, తల్లిదండ్రులకూ, తోబుట్టువులకూ వాటా పెట్టింది. ఇన్ని బంధుత్వాల మధ్య ఆమెకు సొంత ఉనికి ఎక్కడుందని అడగొచ్చు. నాకు తోచేది వేరు. ఆ వాక్యానికి కర్త ఆమె. మిగతావాళ్ళు ఆమెను బట్టే అందులోకి వచ్చారు.

బౌద్ధం జపాన్ చేరాక కూడా ఇలాంటిదే జరిగింది. 'నిహోన్ షోకి' ప్రకారం అక్కడ మొదట దీక్ష తీసుకున్నది ముగ్గురు ఆడపిల్లలు, 584లో. వాళ్ళలో ముఖ్యురాలు జెన్షిన్ వయసు 11. 588లో వినయ నియమాలు నేర్చుకోడానికి కొరియాలోని పేక్చే రాజ్యానికి సముద్రం దాటి వెళ్ళి, 590లో తిరిగొచ్చారు. ఇది చెబితే మా అమ్మాయి, "నా వయసేనా!" అని ఆగిపోయింది.

అయితే దాతల పేర్లతోనే తృప్తిపడలేం. బోధిసిరి శాసనం చివర పని చూసిన భిక్షువుల పేర్లున్నాయి, రాతిపనివాడు విధికుడి పేరుంది. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు లేవు. 1954-60 తవ్వకాల తర్వాత లోయ సాగర్ నీళ్ళలో మునిగింది. కొన్ని కట్టడాల్ని కొండ మీదా, అనుపులోనూ మళ్ళీ పేర్చారు. రాళ్ళను అంత జాగ్రత్తగా కాపాడుకున్న మనం, వాటి మీది పేర్లను పిల్లల నోటికి అందించడం కూడా ఆ కాపాడటంలో భాగమే.