పిడికిలి బియ్యం, మూడు రిజిస్టర్లు

బీదర్‌లో మేము మంగళపేట మెథడిస్టు గుడికి వెళ్తాం. అక్కడ ఆరాధన ఎక్కువగా కన్నడంలోనే. మా అమ్మమ్మది మాత్రం దోర్నకల్ పక్క పల్లె, ఆంగ్లికన్ సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. బల్లారాధన రోజున అయ్యగారు కన్నడంలో పాపపు ఒప్పుకోలు మొదలుపెడితే, పక్కన చాప మీద మోకరించిన అమ్మమ్మ అదే ప్రార్థనను తెలుగులో మెల్లగా చెప్పుకునేది. ఆయన ఆగిన చోటే ఆమె ఆగేది. సంఘం వేరు, భాష వేరు. క్రమం మాత్రం ఒక్కటే.

దీనికి కారణం చరిత్రలో ఉంది. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1791లో చనిపోయేదాకా ఆంగ్లికన్ గురువుగానే ఉన్నాడు. అమెరికాలోని తనవాళ్ల కోసం 1784లో ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాన్నే కుదించి పంపాడు. ఆ అమెరికా మెథడిస్టులే తర్వాత బీదర్‌కు వచ్చారు. నిజాం రాజ్యంలో ఒకరి చెలకలో ఇంకొకరు అరక కట్టకూడదన్నట్టు మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి. మెదక్ వెస్లియన్లకు, బీదర్ అమెరికా మెథడిస్టులకు, దోర్నకల్ ఆంగ్లికన్లకు వచ్చాయి. అప్పట్లో బీదర్, దోర్నకల్ రెండూ హైదరాబాదు సంస్థానంలోవే. 1956 నవంబరు 1న బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసింది.

దోర్నకల్ సంఘాన్ని నిలబెట్టింది తెల్లదొర కాదు. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, తెలుగు పల్లెలకు మనుషులను పంపారు. అలా వచ్చినవాడే వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన తమిళుడు, తెలుగు నేర్చుకుని మనలో కలిసిపోయాడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనకు బిషపు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషపు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఆ సంఘంలో ఒక డయాసిస్‌ను ఏలిన భారతీయుడు ఆయనొక్కడే. ఎడ్లబండి మీద పల్లెపల్లె తిరిగినవాడు. అమ్మమ్మ ఆయన్ను ఎప్పుడూ ‘బిషపు అయ్యగారు’ అనే చెప్పేది, పేరు పెట్టి పిలవగా నేను వినలేదు.

ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. కూలీలు, జీతగాళ్లు. చదువు రానివాళ్లకు పుస్తకం పట్టుకుని చేసే ఆరాధన ఎలా అబ్బింది? నోటి మీదుగా. బాప్తిస్మానికి ముందు విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు కంఠతా రావాలి. పొద్దంతా నాట్లు వేసి వచ్చినవాళ్లకు రాత్రి దీపం దగ్గర ఉపదేశి ఒక్కో వాక్యం చెబుతుంటే వాళ్లు తిరిగి చెప్పేవాళ్లు. అమ్మమ్మకు సంతకం రాదు. కానీ ఉదయారాధన మొత్తం తడుముకోకుండా చెప్పేది. బట్టీ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. కష్టకాలంలో నోటికొచ్చే మాట అంతకుముందు వెయ్యిసార్లు చెప్పుకున్నదే అయి ఉంటుంది. తాత పోయిన రాత్రి ఆమె ఏడుస్తూనే విశ్వాస ప్రమాణం చెప్పుకుంది.

ఏడాదికీ ఒక క్రమం ఉండేది. ఆగమన కాలం, క్రిస్మస్, శ్రమదినాలు, మట్టల ఆదివారం, పునరుత్థాన పండుగ. వీటన్నిటిలో ఆమె కళ్లు మెరిసేది కోత పండుగ మాట వస్తేనే. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, మేకపిల్లలు బలిపీఠం ముందుకు వచ్చేవి. ఆరాధన అయ్యాక వేలం. ఏడాది పొడవునా సాగిన కానుక మాత్రం పిడికిలి బియ్యం. ఎసరులో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. వారం తిరిగేసరికి ఆ కుండ గుడికి చేరాలి. అమ్మమ్మ బీదర్ వచ్చాక కూడా పొయ్యి పక్కన ఆ కుండ ఉండేది. ఇంట్లో గంజే దిక్కయిన రోజున కూడా ఆ పిడికెడు తీయాల్సిందేనట. విదేశీ డబ్బుతో నడిచిన మతమని తేలిగ్గా అనేవాళ్లు ఆ కుండను లెక్కలోకి తీసుకోవాలి.

బిషపు అయ్యగారు మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలతో పోరాడమని బోధించేవారు. ఊళ్లో ఒకరి నీళ్లు ఒకరు ముట్టని రెండు వాడలవాళ్లు ఒకే గిన్నెలోంచి ప్రభురాత్రి భోజనం తీసుకోవాలన్నది ఆయన పట్టుదల. అది అన్నిచోట్లా సులువుగా కుదరలేదు. కుదిరిన చోట జరిగింది చిన్న విషయం కాదు. క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దని కూడా ఆయన గట్టిగా చెప్పాడు. పల్లెల్లో జరుగుతున్న మతమార్పిడుల విషయంలో గాంధీజీతో ఆయనకు తీవ్రమైన విభేదం వచ్చినా ఆ మాట మార్చలేదు.

దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న, సరిగ్గా ఎపిఫనీ పండుగ నాడు ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే హిందూ దేవాలయాలు. స్తంభాల మీద తామరపూలు చెక్కారు. ఇంగ్లండు పల్లెలోని రాతి గుడికి నకలు కట్టకూడదని అజరయ్య పట్టుబట్టి చేయించిన కట్టడమది. బహమనీ గుమ్మటాల మధ్య పెరిగిన నాకు అది మొదటిసారి చూసినప్పుడే పరిచయమైన ఊరిలా అనిపించింది.

సంఘాలన్నీ ఒక్కటి కావాలన్నది ఆయన కోరిక. 1919లో తరంగంబాడి సమావేశం నుంచి దానికోసం పాటుపడ్డాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడేసరికి ఆయన లేడు. దోర్నకల్, మెదక్ అందులో చేరాయి. మా బీదర్ మెథడిస్టులు చేరలేదు, ఇప్పటికీ వేరుగానే ఉన్నారు. అందుకే అమ్మమ్మ పెళ్లయి వచ్చాక ఆమె పేరు ఒక సంఘం పుస్తకంలోంచి ఇంకో సంఘం పుస్తకంలోకి మారింది.

ఆంగ్లికన్ గుడి బాప్తిస్మాలకు, పెళ్లిళ్లకు, సమాధులకు మూడు రిజిస్టర్లు పెట్టేది. అమ్మమ్మ బాప్తిస్మం రాసిన పేజీ నేను చూశాను. తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, జ్ఞానతల్లి పేరు. తండ్రి వృత్తి దగ్గర ‘కూలి’. సిరా గోధుమ రంగుకు తిరిగింది, అంచు చెదలు తినేసింది. భూమి పట్టాలు లేని కుటుంబాలకు తాతముత్తాతల పేర్లు దొరికే చోటు చాలా ఊళ్లలో ఇదొక్కటే. మీ గుడి బీరువాలో ఇలాంటివి ఉంటే పెద్దలను అడిగి ఈ వానాకాలం లోపే ప్రతి పేజీ ఫొటో తీయించండి.