బొగ్గు మిగిలింది, బండి పోయింది

ఆర్మూర్‌లో కొందరు పెద్దవాళ్ల నోట రైలు ఇప్పటికీ పొగబండే. చిత్రమేమిటంటే, ఆర్మూర్ స్టేషన్‌కు పొగబండి ఏనాడూ రాలేదు. ఈ స్టేషన్ మీదుగా పోయే పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు ప్రధాని పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేసింది 1993లో. 177 కిలోమీటర్ల ఆ దారి పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. రాయి వేసిన నాటికి దేశంలో ఆవిరి ఇంజన్ కొన ఊపిరితో ఉంది. రెండేళ్లు తిరిగాయి. 1995 డిసెంబరులో జలంధర్–ఫిరోజ్‌పూర్ మధ్య బ్రాడ్‌గేజ్ మీద దాని రోజువారీ పరుగు ఆగిపోయింది. మా ఊరికి పట్టాలు వచ్చేనాటికి ఆ బండికి పేరొక్కటే మిగిలింది.

అంతకుముందు రైలు చూడాలంటే పాతిక కిలోమీటర్లు దాటి నిజామాబాద్ పోవాల్సిందే. 1899–1901 మధ్య హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా వేసిన గోదావరి లోయ మీటర్‌గేజ్ లైను అక్కడి మీదుగా పోయేది. మా ఊరి పసుపు బస్తాలు మాత్రం ఎడ్లబండ్ల మీద, తర్వాత లారీల మీద పోయాయి. మంచి ధర కోసం మా రైతు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోయినా లారీలోనే పోయాడు. అట్లా మా ఊరికి దక్కకుండా పోయిన బండి కథ ఇది. దాని పుట్టుకా, దాని పతనమూ రెండూ బొగ్గు దగ్గరే జరిగాయి.

1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఆనవాలు పట్టినవాడు భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్. నేల కింద బొగ్గుందని తెలిశాక నిజాం రాజ్యంలో రైలూ గనీ జంటగా నడిచాయి. చాందాకు రైలు వేసే ఒప్పందం గుట్టు బయటపెట్టమని అడిగినందుకు 1883లో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయను హైదరాబాద్ నుంచే వెళ్లగొట్టారు. మూడేళ్లకు ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. బొగ్గు కోసమే డోర్నకల్ నుంచి కొమ్మ లైను వేశారు. ఆ కొసన ఉన్న స్టేషన్ పేరు ఊరి పేరు కూడా కాదు, సింగరేణి కాలరీస్. 1920లో కంపెనీకే సింగరేణి పేరు వచ్చింది. గని ఇంజన్‌కు తిండి పెట్టింది, ఇంజన్ గని సరుకు మోసింది. ఒకటి లేనిదే ఇంకొకటి లేదన్నట్టు బతికాయి.

ఆ తిండి పెట్టడం తేలిక పని కాదు. కాజీపేట, డోర్నకల్ లోకో షెడ్లలో బతుకు వెళ్లదీసిన ఫైర్‌మన్లకు అది ఒళ్లెరిగిన విద్య. కొలిమి తలుపు తీయగానే సెగ ముఖాన కొడుతుంది. పారతో విసిరిన బొగ్గు కుప్పగా పడకూడదు, మూలమూలకూ పలచగా పరుచుకోవాలి. కుప్పపడ్డ చోట మంట చచ్చి నల్లపొగ లేస్తుంది. ఖాళీ పడ్డ చోట చల్లగాలి దూరి ఆవిరి పడిపోతుంది. ఒక కన్ను మంట మీద, ఇంకో కన్ను గేజి గ్లాసులో నీటి మట్టం మీద. నీళ్లు తగ్గి కొలిమి నెత్తి తేలిందా, అక్కడ బిగించిన సీసం బిరడా కరిగి ఆవిరి నేరుగా మంట మీదికి దూకుతుంది. షెడ్డుకు చేరినా పని తీరదు. గట్టిపడ్డ చిట్టెం పొడిచి, నిప్పు గీకి, బూడిద గోతిలోకి తోయాలి. చల్లబడ్డ బాయిలర్‌ను మళ్లీ ఆవిరికి తేవాలంటే గంటల పని.

దాని చావు కూడా ఆ పనిలోనే రాసి ఉంది. ఆవిరి ఇంజన్‌లో వంద పాళ్ల వేడి పుడితే చక్రం తిప్పేది ఏడెనిమిది పాళ్లే. మిగతాదంతా పొగగొట్టం పాలు. దానికి ఎంత బొగ్గు, ఎన్ని నీళ్లు, ఎందరు మనుషులు! డ్రైవరు, ఫైర్‌మన్, ఖలాసీ, ఫిట్టరు, బూడిద ఎత్తేవాడు. డీజిల్ ఇంజన్ మీట నొక్కితే లేస్తుంది. 1970లో చిత్తరంజన్ కార్ఖానా చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజన్ చేసి దానికి అంతిమ్ సితారా అని పేరు పెట్టింది. ఆఖరి నక్షత్రం. 1972లో మీటర్‌గేజ్ ఇంజన్ల వంతూ అయిపోయింది. ఆ తర్వాత పుట్టినవి దాదాపు లేవు, ఉన్నవి ఒక్కొక్కటే తుక్కు కింద తూకానికి పోయాయి.

మనం తయారీ ఆపిన చాలాకాలం దాకా చైనా ఆపలేదు. అక్కడ బొగ్గు విస్తారం. దాతోంగ్ కార్ఖానా తన పెద్ద సరుకు రవాణా ఇంజన్‌ను 1988 దాకా చేస్తూనే ఉంది. ఆ రకానివి 4,700కు పైగా తయారయ్యాయి. దాని పేరు చియాన్‌జిన్, అంటే ముందడుగు. ఇంకోదాని పేరు జియాన్‌షె, అంటే నిర్మాణం. గనుల్లో, కార్ఖానాల్లో తిరిగే చిన్నదాని పేరు షాంగ్‌యౌ, ఏటి ఎగువ. తాంగ్‌షాన్‌లో దాన్ని 1999 దాకా చేశారు. ఇంత ధీమాగల పేర్లు పెట్టుకున్నవే ఒక్కో లైను నుంచీ వెనక్కి నడిచాయి. 2005 డిసెంబరులో లోపలి మంగోలియా జీతోంగ్ లైను మీద ముందడుగు ఇంజన్ల పెద్ద పరుగు ముగిసింది.

తరిమితే పుట్టింటికి చేరినట్టు, చివరికవి బొగ్గు గనులకు చేరాయి. అక్కడ తిండి వాకిట్లోనే ఉంది. దూరాలు చిన్నవి. మరమ్మతు చేసే చేతులు గని దగ్గరే ఉన్నాయి. షిన్‌జియాంగ్‌లో హామీ దగ్గరి సాన్‌దావ్‌లింగ్ గనిలో నిర్మాణం ఇంజన్లు 2020లు వచ్చేదాకా బొగ్గు మోశాయి. చలికాలపు చీకట్లో గోతిలోంచి ఎగువకు లాగేటప్పుడు పొగగొట్టం నిప్పురవ్వలు ఆకాశానికి చిమ్మేది. అది చూడటానికి ఎక్కడెక్కడి దేశాల నుంచో మనుషులు వచ్చి ఎముకలు కొరికే చలిలో కెమెరాలు పట్టుకుని నిలబడేవాళ్లు. చూసేవాళ్లకది పండుగ. పారపట్టినవాడికి ఇంకో డ్యూటీ. గోతి అడుగున బొగ్గు తరిగేకొద్దీ బండ్లూ తగ్గాయి. కన్నతల్లి ఒడిలోనూ ఇంజన్‌కు నీడ దొరకలేదు.

మన దగ్గర పుట్టిల్లు చల్లగానే ఉంది, బిడ్డే లేదు. సింగరేణి నేటికీ తవ్వుతోంది. ఆ బొగ్గు రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ కేంద్రానికి వెళ్లి మండుతుంది, అక్కడా నీటిని ఆవిరి చేసే మండుతుంది. ఆ ఆవిరి టర్బైన్ తిప్పి కరెంటవుతుంది. కాజీపేట–బల్లార్షా దారిలో 1980ల చివర తీగలు పడ్డాయి. అప్పటి నుంచి రైలును లాగేది తీగలోంచి దిగే కరెంటు. ఆవిరి బండి దిగి కేంద్రంలో కూర్చుంది. బండి వెంట తిరిగే పొగ ఒకేచోట ఎత్తైన గొట్టాల పాలైంది. లెక్క ప్రకారం లాభమే. ఫైర్‌మన్ ఊపిరితిత్తులకైతే తప్పక లాభం. ఎవరూ దాన్ని మళ్లీ రమ్మనరు, రమ్మనకూడదు కూడా. అయినా తిండి పెట్టి, నీళ్లు తాపి, రాత్రంతా కనిపెట్టుకుని ఉండాల్సిన యంత్రం పోతే, ఇంట్లో పశువు పోయినంత వెలితి. డీజిల్ ఇంజన్ పోయినప్పుడు ఎవరి ఇంట్లోనూ అంత వెలితి ఉండదు.

ఆర్మూర్ స్టేషన్‌లో ఆ వెలితి కనబడదు. కనబడేది పొలాల్లో. పసుపు తవ్వే రోజుల్లో ఊళ్లోని సిద్ధులగుట్ట నల్లరాళ్ల దిక్కు నుంచి పొద్దుటిపూట చూస్తే అక్కడక్కడ తెల్లటి ఆవిరి లేస్తుంటుంది. పూర్వం కొమ్ములను కడాయిల్లో ఉడకబెట్టేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల బాయిలర్ వచ్చింది. కింద కట్టెల మంట, పైన నీళ్ల పీపా, దాన్నుంచి గొట్టాలు, గొట్టాల కొసన కొమ్ములు నింపిన డ్రమ్ములు. బాయిలర్ దగ్గరి మనిషి కట్టెలు ఎగదోస్తూ నీటి మట్టం చూసుకుంటుంటాడు. డ్రమ్ము అంచున తెల్లటి ఆవిరి, ఉడికిన పసుపు వాసన కలిసి లేచినప్పుడు వాల్వు తిప్పుతాడు. దగ్గరికొచ్చిన పిల్లవాణ్ని, "దూరం జరుగు బిడ్డా, కాలుతది" అని కసురుతాడు.

పొద్దు గూకేవేళకు చివరి డ్రమ్ము దించుతారు. పచ్చటి కొమ్ములు నేల మీద పరుచుకుంటాయి. అందరూ చేతులు కడుక్కుని ట్రాక్టర్ ఎక్కుతుంటే, ఆ మనిషి ఇంకా అక్కడే ఉంటాడు. మిగిలిన ఆవిరి వదిలేస్తాడు. కొలిమి ముందు వంగి, పొడవాటి చువ్వతో నిప్పు గీకి, బూడిద పక్కకు తోస్తాడు.