కురులకు తావి ఎక్కడిది?

జుట్టుకు పుట్టుకతోనే పరిమళం ఉంటుందా? పదహారో శతాబ్దంలో ధూర్జటి రాసిన కాళహస్తి మాహాత్మ్యంలో పాండ్యరాజు కొలువున నత్కీరుడనే కవి లేవదీసిన తగాదా ఇదే. కరువులో అల్లాడుతున్న అర్చకుడి కోసం శివుడే ఒక పద్యం కట్టి ఇచ్చాడు. స్త్రీ కురులకు సహజంగానే సువాసన ఉందన్న అందులోని భావాన్ని నత్కీరుడు తప్పుపట్టాడు, శివుడే ఎదుటికొచ్చినా వెనక్కి తగ్గక శాపం తెచ్చుకున్నాడు. తమిళ దేశపు కథే అయినా ధూర్జటి చేతిలో తెలుగుదైపోయింది. భక్తుల లెక్కలో గెలిచింది శివుడు, చరిత్ర లెక్కలో నత్కీరుడు. తలకు తావి మనం పెట్టుకున్నదే. ఆ తావిని బట్టి మనిషికి అంటగట్టే స్వభావం కూడా అలా పెట్టినదేనని నా వాదం. మల్లెల వాసన అనగానే నెమ్మదిగా మాట్లాడే సుకుమారి ఒకతె మనసులో మెదలుతుందే, ఆమె మనం అనుకున్నంత పాతకాలపు మనిషి కాదు.

ఇలాంటి విషయాలకు శాసనాలు పెద్దగా అక్కరకు రావు. కావ్యాలనూ శాస్త్రగ్రంథాలనూ దువ్వి జనం ఏం తిన్నారో, ఏం తొడుక్కున్నారో రాబట్టవచ్చని పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’తో చూపించాడు. ఆ దారినే పోతే మొదట తగిలేది ఆడమనిషి కాదు, రాజు. కల్యాణి చాళుక్యుడు మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో కూర్చిన ‘మానసోల్లాసం’లో రాజు తలంటికి పూలతో వాసన పట్టించిన నువ్వుల నూనె కావాలి. పాలమూరు వైపు నారాయణపేట, జడ్చర్ల దగ్గరి గంగాపురం అప్పుడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనివే. నువ్వులకూ పూలకూ మధ్య పొత్తు కుదిరింది ఒక సౌలభ్యం వల్ల. మల్లె జాతి పూలు తెంపిన తర్వాత కూడా గంటల తరబడి పరిమళం విడుస్తూనే ఉంటాయి. నువ్వుల్లో వాటిని పొరలు పొరలుగా పరిచి, వాడినవి తీసి కొత్తవి వేస్తూ పోతే గింజలోని నూనె ఆ తావిని పీల్చుకుంటుంది. తర్వాత గానుగాడిస్తే చాలు, బట్టీ అక్కర్లేదు. కాకపోతే పూలు బుట్టల కొద్దీ కావాలి, కోసేవాళ్ళు కావాలి. అందుకే అది దర్బారు సరుకైంది. నారాయణపేటకు పడమట బీజాపూరులో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా (1580–1627) కోసం అత్తరుల మీద ఏకంగా ఒక గ్రంథమే పుట్టింది. ఆ రోజుల్లో తల ఘుమఘుమలాడితే తెలిసేది ఆ మనిషి హోదా. మెత్తనా, కరుకా అన్నది ఎవరికీ పట్టలేదు.

దర్బారు దాటి ఊళ్ళోకొస్తే హోదా స్థానంలో సందర్భం వచ్చి కూర్చుంటుంది. తలంటి తర్వాత తడి ఆరడానికి సాంబ్రాణి పొగ, బాలింతకూ పసిబిడ్డకూ అదే పొగ, ఎండాకాలం ఆడపిల్లకు మొగ్గలతో పూలజడ, పెళ్ళికూతురికి మల్లెదండ, ముస్లిం ఇళ్ళలో పెళ్ళికొడుకు ముఖాన పూల సెహ్రా. వీటిలో ఏదీ ‘నేనిలాంటి మనిషిని’ అని చెప్పదు. ఇవాళ ఇంట్లో ఏం జరుగుతోందో చెబుతుంది. ఆడవాళ్ళ పువ్వుకు ఇంకొక కఠినమైన అర్థమూ ఉండేది: మొగుడున్నాడా లేడా అని. మొగుడు పోయిన మనిషి తలలోంచి పువ్వు తీసేయించినప్పుడు ఆమె స్వభావం ఏమీ మారలేదు కదా, మారింది ఊరు ఆమెను చూసే చూపు. పైగా పువ్వంటే పరిమళమేనన్న నియమమూ ఈ నేల మీద లేదు. తెలంగాణ ఏడాదంతా ఎదురుచూసే బతుకమ్మకు తంగేడు, గునుగు చాలు. అవి వాసన కోసం తెచ్చే పూలు కావు. మూర లెక్కన కొనే కనకాంబరాలకూ వాసన లేదు, ఆ కొరతను తీర్చేది మాలలో కలిపి కట్టే మరువం రెమ్మ.

ఇక్కడ చదువుకున్నవారు గట్టిగానే అడ్డు తగలవచ్చు. కొక్కోకుడి ‘రతిరహస్యం’ స్త్రీలను పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని నాలుగు జాతులుగా విడదీసి, పద్మినికి తామర వాసన కట్టబెట్టలేదా? కట్టబెట్టింది. నా వాదానికి ఎదురయ్యే బలమైన సాక్ష్యం అదే. కానీ అక్కడి వాసన ఒంటిది, పుట్టుకతో వచ్చింది. పువ్వు పెట్టుకుని ఎవరూ పద్మిని కాలేరు. అది నత్కీరుడు కాదన్న శివుడి వాదమే, జాతులుగా మారి తిరిగొచ్చింది. మరి పెద్దన వరూధిని? హిమాలయంలో దారి తప్పిన ప్రవరుడికి ఆమె కనబడకముందే వాసన తగిలిన మాట నిజం. అయితే అది కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన. దాన్ని బట్టి అతను తేల్చుకున్నది దగ్గర్లో మనుషులున్నారని మాత్రమే, ఆమె గుణగణాలు కాదు. భామాకలాపంలో సత్యభామ జడ స్వభావాన్ని చెబుతుందంటే ఒప్పుకుంటాను, కాని ఆ జడ చెప్పేది సుకుమారమా? సవాలు. నంది తిమ్మన సత్యభామనైతే మండించింది పారిజాతపు తావి కాదు, అది రుక్మిణికి దక్కడం.

మరి సుకుమారి ఎప్పుడొచ్చింది? సీసాతో వచ్చింది, అదీ ఒక్కసారిగా కాదు. 1878లో కలకత్తాలో మొదలైన జబాకుసుమ్ నూనె మందార పువ్వు పేరు పెట్టుకుంది. మందారానికి చెప్పుకోదగ్గ వాసనే లేదు, అయినా నూనె ఘుమఘుమలాడింది. పువ్వు నుంచి పేరు, పేరు నుంచి వాసన విడివడటం అక్కడ కనిపిస్తుంది. కుంతలీన్ నూనె కంపెనీ కథల పోటీ పెడితే 1896లో జగదీశ్ చంద్ర బోస్ రాసిన కథకు బహుమతి వచ్చింది. సముద్రంలో తుపానును ఒక తలనూనె సీసా చల్లార్చడం ఆ కథ. చిత్రమేమిటంటే ఆ నూనె పట్టుకెళ్ళేది జ్వరంతో జుట్టూడిన మగవాడు. అంటే అప్పటికింకా పరిమళపు తైలం ఆడవాళ్ళకే పరిమితమైన సరుకు కాలేదు. 1980ల్లో షాంపూ చిన్న పొట్లాల్లోకి దిగి, చిక్ లాంటివి మల్లె వాసనతో పల్లెల కిరాణా కొట్ల ముందు వేలాడేసరికి లెక్క మారింది. పువ్వైతే సందర్భాన్ని వెంట తెచ్చుకుంటుంది, పొట్లానికి ఏ రోజైనా ఒకటే. రోజూ అమ్ముడుపోవాలంటే పండుగకు బదులు ఇంకేదైనా కావాలి. ప్రకటనలు ఆ ఖాళీలో స్వభావాన్ని కూర్చోబెట్టాయి. సినిమా పాటలకు ఇందులో వాటా లేదనను, అవి మల్లెను శోభనపు గదికి కట్టేశాయి. ఆ మల్లె మాత్రం సిగ్గరి కాదు.

వాసన ఎలా పుడుతుందో చూస్తే కూడా ‘సున్నితం’ అన్న మాట నిలవదు. మల్లె జాతి తావిలో బెంజైల్ ఎసిటేట్, లినలూల్ తీపినీ చల్లదనాన్నీ ఇస్తే, ఇండోల్ అనే పదార్థం మత్తైన బరువును ఇస్తుంది. మలంలో దుర్గంధానికి ఒక కారణమైన ఇండోలే పువ్వులో అతి కొద్దిగా ఉండి నిండుదనం తెస్తుంది. షాంపూల్లోకి వచ్చే మల్లెలో సాధారణంగా ఈ బరువును తగ్గిస్తారు, రోజూ భరించేలా. ఇంతకీ ఆడవాళ్ళు ఇష్టపడి పెట్టుకుంటుంటే స్వభావం అంటగట్టారనడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఇష్టం నిజమే. మూర మల్లెలు కొనే మనిషికి వాటి వాసన నచ్చింది, అంతే. ఆమె ఎలాంటిదో ఆ మూర మల్లెలను చూసి చెప్పగలమనుకోవడంతోనే నాకు పేచీ.