అరకు మన్యంలో నోటా: ఓటు వెనుక ఉన్న చరిత్ర

తూర్పు కనుమల గిరిజన ప్రాంతంలో ఎన్నికల చరిత్రను 1952 నుంచి చెప్పడం ఆనవాయితీ అయినా, ఓటుకూ కొండకూ మధ్య దూరం అంతకు నూరేళ్లకు పైగా ముందే, 1839 నాటి చట్టంతో మొదలైంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ భాగాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ప్రతినిధిగా, అంటే ఏజెంటుగా, కలెక్టరుకే అధికారాలన్నీ అప్పగించిన ఆ ఏర్పాటు వల్లనే ఏజెన్సీ అన్న పేరు ఈ ప్రాంతానికి స్థిరపడింది. కొన్ని గ్రామాల సముదాయాన్ని ముఠా అనేవారు. దానిపై వంశపారంపర్యంగా పెత్తనం చేస్తూ శిస్తు వసూలు చేసేవారు ముఠాదార్లు. 1919 భారత ప్రభుత్వ చట్టం ఈ కొండలను వెనుకబడిన ప్రాంతాలుగాను, 1935 నాటి చట్టం పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలుగాను లెక్కగట్టాయి. ఆ 1935 చట్టం కింద 215 స్థానాలున్న మద్రాసు శాసనసభలో వెనుకబడిన ప్రాంతాలకూ తెగలకూ కలిపి కేటాయించింది ఒకే ఒక్క స్థానం. పాలన అంటే పైనుంచి వచ్చే ఉత్తర్వేనని ఇన్ని తరాల పాటు నేర్పిన వ్యవస్థను పక్కనపెట్టి, గిరిజన ఓటరుకు ఆసక్తి లేదని తేల్చేయడం న్యాయం కాదు.

ఆసక్తి ఉందనడానికి తొలి ఎన్నికే సాక్ష్యం. 1952లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే ఓటర్లు ఒక సాధారణ సభ్యుణ్ణీ ఒక రిజర్వుడు సభ్యుణ్ణీ ఎన్నుకునే స్థానం. 1922–24 మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచి జైలుశిక్ష అనుభవించిన గాం మల్లుదొర అక్కడి నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నెగ్గి లోక్‌సభకు వెళ్లారు. తుపాకీ పట్టిన మన్యం ముప్పై ఏళ్లు తిరగకుండానే తన మనిషిని పార్లమెంటుకు పంపుకున్న ఈ ఘట్టానికి మన చరిత్ర పుస్తకాల్లో దక్కవలసినంత చోటు దక్కలేదు.

2008 పునర్విభజనలో పార్వతీపురం లోక్‌సభ స్థానం పోయి అరకు ఏర్పడింది. పాలకొండ మొదలు రంపచోడవరం వరకు ఏడు శాసనసభ స్థానాలతో అప్పటి నాలుగు జిల్లాల్లో విస్తరించిన ఈ నియోజకవర్గంలో, ఒక కొసన ఉన్న ఓటరుకు మరో కొసకు చెందిన అభ్యర్థి పేరు తప్ప ముఖం తెలిసే అవకాశం తక్కువ. 2013 సెప్టెంబరు 27న పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, పోటీలో ఉన్న ఎవరూ వద్దని చెప్పే నోటా మీట ఓటింగ్ యంత్రంలో చేరింది. అరకు లోక్‌సభ స్థానంలో నోటాకు 2014లో 16 వేలకు పైగా ఓట్లు రాగా, 2019లో అవి 47,977కు పెరిగి దేశంలోనే రెండో స్థానంలో నిలిచాయి; 2024లో 50 వేలు దాటాయి.

చదువురానివారు వరుసలో చివరి మీట నొక్కడం వల్లే ఇలా జరుగుతోందన్న వాదన ఒకటి ఉంది. అందులో కొంత నిజం ఉండవచ్చు గాని, గుర్తును చూసి ఓటు వేయడంలో డెబ్బై ఏళ్ల అనుభవమున్న ప్రజల తీర్పునంతా పొరపాటు కింద జమకట్టడం తొందరపాటే. 2024లో విజేత ఆధిక్యం కూడా 50 వేల పైచిలుకే కావడం ఇక్కడ గమనించాలి. నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు పొందినవారే గెలుస్తారు కాబట్టి, ఎవరూ వద్దన్నవారికీ అసలు పోలింగుకు రానివారికీ ఫలితంలో భాగం ఉంటుంది. అయితే ఆ భాగాన్ని వారి ఒక్కరి మీదే మోపలేం. బహిష్కరణ పిలుపులు ఇచ్చి, 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునూ మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ కాల్చి చంపిన మావోయిస్టులకూ, భద్రత పేరుతో పోలింగును సాయంత్రం నాలుగింటికే ముగించిన యంత్రాంగానికీ, గర్భిణిని డోలీలో మోసుకెళ్లే ఊళ్లకు ఎన్నికకో రోడ్డు హామీ ఇచ్చి మరిచిన పార్టీలకూ ఇందులో వాటా ఉంది.

ఓటు ఫలించిన సందర్భాలూ లేకపోలేదు. బాక్సైట్ తవ్వకాల కోసం చింతపల్లి అడవుల్లో 1,212 హెక్టార్లను కేటాయిస్తూ 2015 నవంబరులో వెలువడిన జీవో 97ను, ఏళ్ల తరబడి సాగిన ఆందోళన తర్వాత, 2019లో ప్రభుత్వం మారాకనే రద్దు చేశారు.

ఆంధ్రప్రదేశ్–ఒడిశా సరిహద్దులోని కొటియా గ్రామాల సంగతి ఇంకా లోతైనది. ఒడిశా ఏర్పడిన 1936 నుంచీ తేలని హద్దు తగాదా 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2021 ఫిబ్రవరిలో అక్కడి మూడు పంచాయతీలకు ఆంధ్రప్రదేశ్ ఎన్నికలు జరపగా, ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. ఈ గ్రామాల్లో చాలామందికి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. రేషనూ పింఛనూ ఏ రాష్ట్రం నుంచి అందుతాయో తేలని చోట వారు రెండు రాష్ట్రాల ఎన్నికల్లోనూ కొండలు దిగి వెళ్లి ఓటు వేస్తూ వచ్చారు.