గాలి మీద బస్సు

నిండు బస్సు సుఖమా, ఖాళీ బస్సు సుఖమా? ‘ఇదేం ప్రశ్న, ఖాళీదే!’ అంటారు కదూ? నేనూ అలాగే అనుకునేదాన్ని.

1988లో, నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా పెద్దక్కని పురిటికి భద్రాచలం నుంచి పాల్వంచ తీసుకొస్తున్నాం. బస్సంతా ఖాళీ. అయినా అక్క కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది.

“ఇన్ని సీట్లుండగా నిలబడ్డావేంటమ్మా?” అన్నాడు కండక్టరు.

“నిలబడితే నాకొక్కదానికే నొప్పి తమ్ముడూ. కూర్చుంటే ఇద్దరికీ!” అంది అక్క.

దారిలో సంత జనం గంపలతో సహా ఎక్కారు. బస్సు కిటకిటలాడింది. చిత్రం! ఎగిరెగిరి పడే బస్సు కాస్త నెమ్మదించింది. ఎవరో లేచి చోటిస్తే అక్క కూర్చుంది.

ఆ చిత్రం గుట్టు నాకు చాలా ఏళ్ళకిగాని తెలియలేదు. బస్సు కింద ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. విల్లులా వంగి ఉంటాయి గనక మన మెకానిక్కులు ‘కమాన్లు’ అంటారు. నిండు బరువు మొయ్యాలి కాబట్టి వాటిని బిరుసుగా చేస్తారు. బరువుంటే వంగి కుదుపు మింగుతాయి. బరువు లేకపోతే వంగవు; ఆ కుదుపు మన నడుముకే అప్పజెబుతాయి!

నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డెక్కినప్పుడూ కమాన్లే. 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడినప్పుడూ కమాన్లే. 1965లో భద్రాచలం దగ్గర గోదావరికి వంతెన పడింది; పడవ దిగి బస్సెక్కే బాధ తప్పింది గాని, కుదుపు తప్పలేదు.

ఈలోగా అమెరికాలో గాలిని పనిలో పెట్టారు. 1954లో గ్రేహౌండ్ కంపెనీ నడిపిన సీనిక్రూజర్ బస్సుకి కమాన్లు లేవు, గాలి స్ప్రింగులున్నాయి. సైకిలు పంపు మూతికి వేలు అడ్డం పెట్టి నొక్కి చూడండి. మొదట మెత్తగా దిగుతుంది, దిగేకొద్దీ ఎదురు తిరుగుతుంది. గాలి స్ప్రింగు కిటుకు అదే. దళసరి రబ్బరు బుడ్డిలో గాలి ఉంటుంది. జనం ఎక్కి బస్సు కుంగితే ఒక చిన్న కవాటం తెరుచుకుని మరికాస్త గాలి పంపిస్తుంది. దిగిపోతే వదిలేస్తుంది. బస్సు ఎత్తు మారదు. పదిమందున్నా యాభైమందున్నా ఊపు ఇంచుమించు ఒకటే.

ఆ సుఖం మనకి బాగా తెలిసింది 2001లో వోల్వో బీ7ఆర్ బస్సు మన దేశానికి వచ్చాకే. తర్వాత గరుడ బస్సులొచ్చాయి. ఆనాడు అక్క కడుపులో ఉన్న పిల్ల, ఇప్పుడు హైదరాబాదు నుంచి విజయవాడకి అలాంటి బస్సులో నిద్రపోతూ వెళుతుంది.

అడవి పల్లెలకి తిరిగే పల్లెవెలుగు బస్సుల కింద మాత్రం చాలావరకు ఇప్పటికీ కమాన్లే. తప్పు పట్టలేం లెండి. విరిగిన పట్టీని చిన్న షెడ్డులోనైనా మార్చుకోవచ్చు. రబ్బరు బుడ్డి చిరిగితే, కవాటం మొరాయిస్తే, అడవి దారిలో ఎవరు చూస్తారు?

కానీ గతుకులెక్కువ ఆ దారుల్లోనే. బస్సు సగం ఖాళీగా తిరిగేదీ అక్కడే. ఆసుపత్రికి నెలలు నిండిన పిల్లలు బస్సెక్కేదీ అక్కడినుంచే.

గాలికి మాత్రం టిక్కెట్టు లేదు. అది పల్లె బస్సు కిందికి ఎప్పుడొస్తుందో!