చెవి చేసే చప్పుడు లెక్కకు అందిన కథ

చెవి వినడమే కాదు, ధ్వనిని పుట్టిస్తుంది కూడా. ఈ ఊహకు బీజం 1948లో కేంబ్రిడ్జ్‌లో పడింది. థామస్ గోల్డ్ అనే యువకుడు యుద్ధకాలంలో రాడార్ మీద పనిచేసి వచ్చాడు. లోపలి చెవిలోని కాక్లియా నిండా ద్రవమే. ద్రవంలో కంపనం ఇట్టే అణగిపోవాలి. అయినా మనం దగ్గరి శ్రుతులను విడివిడిగా గుర్తుపడుతున్నాం. అంటే పోయిన శక్తిని చెవే తిరిగి నింపుకుంటోందని, రేడియో రిసీవర్లలో చేసేది కూడా అదేనని గోల్డ్ వాదించాడు. ఆ శక్తి మోతాదు మించితే చెవిలోంచి ధ్వని బయటికి రావాలి. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మృతుల చెవులను పరీక్షించిన శాస్త్రవేత్త బెకెషీ మాటే చెల్లింది; ఆయనకు 1961లో నోబెల్ కూడా వచ్చింది. ప్రాణం పోయిన చెవిలో ఆ శక్తి జాడ కనిపించే అవకాశమే లేదు.

గోల్డ్ చెప్పిన ముప్పై ఏళ్లకు, 1978లో, లండన్‌లో డేవిడ్ కెంప్ చెవి చేసే ఆ ధ్వనిని పట్టుకున్నారు. చిన్న స్పీకరు, మైకు కలిపి చెవి రంధ్రంలో బిగించి ‘టిక్’మనే శబ్దం పంపారు. కొన్ని మిల్లీసెకన్ల తర్వాత లోపలినుంచి సన్నని బదులు వచ్చింది. గోడకు తగిలి వచ్చే ప్రతిధ్వని అయితే, శబ్దం రెట్టింపు చేస్తే అదీ రెట్టింపు కావాలి. ఇది అలా పెరగలేదు. కాక్లియా దెబ్బతిన్న చెవుల్లో అసలు రానేలేదు.

శబ్దంతో పాటు సమంగా పెరగని ఆ గుణమే పరీక్షకు పనికొచ్చింది. ఒకే తీవ్రతతో మూడు టిక్కులు, తర్వాత తిరగేసిన రూపంలో మూడు రెట్ల టిక్కు ఒకటి పంపి, నాలుగు జవాబులనూ కూడతారు. చెవి గోడలనుంచి వచ్చినది ఒకటి, ఒకటి, ఒకటి, మైనస్ మూడు... మొత్తం సున్నా. కాక్లియా జవాబు మూడు రెట్లు పెరగదు కాబట్టి అదొక్కటే మిగులుతుంది. నేటికీ పరీక్షా యంత్రాలు ఈ కిటుకును వాడుతున్నాయి.

తర్వాత మరో వింత బయటపడింది. చెవి ధ్వని వస్తుండగా పక్క శ్రుతిలో ఇంకో స్వరం వినిపిస్తే, మొదటిది తగ్గిపోతుంది. ఈ అణచివేతకు గణిత నమూనా కావలసి వచ్చింది. డచ్చి శాస్త్రజ్ఞుడు వాన్ డెర్ పోల్ 1920లలో రేడియో వాల్వుల కోసం రాసిన సమీకరణం 1980 నాటికి చెవి దగ్గరికి చేరింది. ఊయల మెల్లగా ఊగుతుంటే తోసి, మరీ ఎత్తుకు పోతే ఆపే చేయి లాంటిది ఆ సమీకరణం. చెవి తనంతట తాను కూత పెట్టడం, బయటి స్వరానికి ఆ కూత లొంగడం రెండూ అందులో ఇమిడాయి.

మరి ఆ తోసే చేయి ఏది? 1985లో బ్రౌనెల్ బృందం కాక్లియాలోని వెలుపలి రోమకణాలు విద్యుత్తుకు పొడవు మార్చుకుంటాయని చూపింది. 2000లో అందుకు మూలమైన ప్రెస్టిన్ ప్రొటీన్ దొరికింది. దాంతో నమూనాలకు నేల దొరికింది. కణం పెట్టగల బలానికి హద్దు ఉంది: ఎస్ ఆకారపు గీతలా మొదట నిటారుగా లేచి, తర్వాత చదునవుతుంది. రెండో స్వరం ఆ హద్దును నింపేస్తే మొదటిదానికి అందే ఊతం తగ్గుతుంది. అణచివేత అంటే ఇంతే. తక్కువ శ్రుతి తరంగం ఎక్కువ శ్రుతి స్థానం మీదుగా సాగిపోతుంది కాబట్టి, తక్కువ శ్రుతి వైపునుంచి వచ్చే అణచివేత మొదలవడానికి గట్టి శబ్దం కావాలి; మొదలయ్యాక మాత్రం వేగంగా ముదురుతుంది. ప్రయోగాల్లోనూ అదే కనబడింది.

ఈ లెక్కల ఫలం పసిపిల్లలకు అందుతోంది. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెడితే కాక్లియా పనిచేస్తోందో లేదో నిమిషాల్లో తెలుస్తుంది. అయితే శ్రవణ నాడి లోపాన్ని ఈ పరీక్ష పట్టలేదు. ఐసీయూలో ఉన్న బిడ్డకు మెదడు స్పందనను చూసే ఏబీఆర్ కూడా చేయించాలి. మీ ఇంట బిడ్డ పుడితే నెలలోపు వినికిడి పరీక్ష అడగండి. అనుమానం వస్తే మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు చికిత్స మొదలవ్వాలి. మాట నేర్చే వయసు మళ్లీ రాదు.