యుద్ధపు లారీ, రేవు గాలి

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు విడిచినవి. అవి ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచి వచ్చినవి. నాడు ప్రేలక మిగిలిన బాంబొకటి సముద్రపుటొడ్డున విశాఖ మ్యూజియములో ఉన్నది. బాంబులను గూర్చి మన పెద్దలు చాల చెప్పిరి. ఆ యుద్ధము మన రోడ్లమీద విడిచిపోయిన లారీలను గూర్చి అంతగా ఎవరును చెప్పలేదు. మేము ఇప్పుడు ముచ్చటింపదలచినది ఆ లారీలను గూర్చి, అందులోను వాని తీగలను, దీపములను గూర్చి.

1933లో ప్రారంభమైన మన రేవు యుద్ధము వచ్చుసరికి సైన్యపు రేవైనది. పౌరులకు పెట్రోలు కరవై బస్సులు బొగ్గు గ్యాసుతో నడచినవి. సైన్యపు లారీలు మాత్రము పెట్రోలుతోనే తిరిగినవి. ఆకాశమునుండి శత్రువు చూడరాదని వాని దీపములకు ముసుగులుండెడివి. బ్రిటిషు లారీలలో వెనుక ఇరుసుమధ్యనున్న గుండునకు తెల్లరంగు పూసి, దానిపై చిన్న దీపము పడునట్లు అమర్చెడివారు. వెనుక వచ్చు డ్రైవరునకు ఆ తెల్లని మచ్చయే దారి.

ఆ యుద్ధకాలమున కెనడా 8 లక్షలకు మించిన సైనిక వాహనములను తయారుచేసినది. అమెరికా జి.ఎం.సి. లారీ ఒక్కటే 5 లక్షలకు పైగా తయారైనది. 1946లో కుదిరిన ఒప్పందముతో మన దేశమున మిగిలిన అమెరికా యుద్ధసామగ్రి భారత ప్రభుత్వపరమైనది. అట్లు అమ్మకమునకు వచ్చిన సరకునకే జనుల నోట ‘డిస్పోజల్స్’ అని పేరు. కొన్నవానికి బండితోపాటు దాని మరమ్మతు పుస్తకము కూడ దొరకినచో అది అదృష్టమే.

ఇక అసలు చిక్కు. ఇంటి దీపమునకు రెండు తీగలు కావలెను. లారీ దీపమునకు ఒక్కటే తీగ. బ్యాటరీనుండి తీగవెంట పోయిన విద్యుత్తు తిరిగి వచ్చుటకు లారీ ఇనుప చట్రమే దారి. దీనినే మేస్త్రీలు ‘ఎర్తు’ అందురు. ఎడారిలో ఈ ఏర్పాటు చక్కగా పనిచేయును. ఉప్పుగాలి వీచు విశాఖలో చట్రమునకును తీగకును మధ్య తుప్పు చేరును. ఆ తుప్పు కంటికి కనబడదు, బోల్టు క్రింద దాగియుండును.

పైగా ఆనాటి అమెరికా లారీలు పెక్కు 6 వోల్టులవి. 12 వోల్టుల బండిలో 3 ఆంపియర్లతో వెలుగు దీపమునకు ఇందులో 6 ఆంపియర్లు కావలెను. తుప్పుపట్టిన అతుకు ఓములో పదవవంతు అడ్డుపెట్టినదనుకొందము. 12 వోల్టుల బండిలో నష్టము నలుబదవవంతు, 6 వోల్టుల బండిలో పదవవంతు. సెల్ఫు మోటారు కథ ఇంకను ఘోరము. అది 200 ఆంపియర్లవరకు లాగును. ఓములో నూరవవంతు అడ్డుపడినను 2 వోల్టులు దారిలోనే ఖర్చగును. ఇంజను మూలుగును, కదలదు. యజమాని బ్యాటరీ చచ్చినదని క్రొత్తది కొనును. మరునాడు మరల అదే మూలుగు. ఒక్క లారీపై సంసారము నడుపుకొను వానికి ఆ ఖర్చు చిన్నది కాదు.

నిదానముగా వెదకువాడు మొదట ఏదియు కొనడు. వోల్టుమీటరు ఒక కొనను ఇంజను ఇనుముపై, రెండవ కొనను చట్రమునకు కలిపిన బ్యాటరీ ధ్రువముపై ఉంచి సెల్ఫు నొక్కించును. ముల్లు ఇంచుమించు సున్నవద్దనే ఉండవలెను. అర వోల్టు దాటినచో దోషము బ్యాటరీది కాదు, తిరుగుదారిది. బోల్టు విప్పి, గరుకు కాగితముతో ఇనుము మెరయువరకు గీకి, బిగించి, పైన గ్రీజు పూయుటయే చికిత్స. మీటరు లేనివానికి దీపములే చెప్పును. ఒక దీపము వేయగా సంబంధము లేని వేరొకటి మిణుకుమన్నచో విద్యుత్తు తన ఎర్తు దొరకక పొరుగు దీపముగుండ పోవుచున్నదని అర్థము.

ఇంకొక మెలిక కలదు. ఫోర్డు బండ్లలో బ్యాటరీ ధనధ్రువమును చట్రమునకు కలిపెడివారు. జి.ఎం.సి.లో ఋణధ్రువమును కలిపెడివారు. ఒకదానికి అలవాటుపడిన చేయి రెండవదానిలో బ్యాటరీని తిరగవేసినచో డైనమోకును బ్యాటరీకిని పొత్తు చెడి, కటౌటు పాయింట్లు కాలిపోవును. దోషము కాని దోషము కూడ కలదు. అమెరికా లారీల దీపపు స్విచ్చికి ఒక అడ్డుమీట ఉన్నది. చీకటిలో డ్రైవరు పొరపాటున పెద్ద దీపములు వేయకుండ దానిని పెట్టిరి. మీట నొక్కనిదే స్విచ్చి పూర్తిగా బయటికి రాదు. అది తెలియనివాడు తీగలన్నియు విప్పును.

రేడియో ఇంటనున్న మీకు సంబంధించినది ఒకటి మిగిలినది. పాత పెట్రోలు లారీ వీధిలో పోవునప్పుడు మీ సెట్టు చిటపటలాడును. ఇంజనులో వేల వోల్టులతో పుట్టు నిప్పురవ్వ తానొక చిన్న ప్రసారకేంద్రము. వైర్‌లెస్ సెట్లకు అది అడ్డురాకుండ సైన్యమువారు ప్లగ్గు తీగలలో నిరోధకములను, డైనమోవద్ద కండెన్సరును పెట్టి, ఇనుప భాగములను రాగి పట్టీలతో కలిపిరి. అట్లు చేసిన అమెరికా వాహనములకు నంబరు చివర ‘ఎస్’ అను అక్షరము వ్రాసెడివారు. మరమ్మతులో ఆ సరంజామా తీసివేసినను లారీ నడచును. గోల అంతయు వీధిలోని రేడియోలది. పట్టీలు పోయిన లారీకి క్రొత్తరంగు వేయునప్పుడు ఆ ‘ఎస్’ కూడ మరుగుపడును.